హెచ్‌ఐవీ రంగంలో మేం రోజూ వినే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్ళు, సెక్స్ వర్కర్లు, ట్రాన్స్‌జెండర్లు తామే నడుపుకునే సంఘాలతో కలిసి పనిచేస్తాను. సర్వేలు, ఇంటర్వ్యూలు, వాటిలో తేలిన విషయం పట్టుకుని అధికారుల చుట్టూ తిరగడం, ఇదీ మా పని. దీని గురించి చదువుకున్నవాళ్ళు, డాక్టర్లు, ఒక్కోసారి ఇదే రంగంలో ఉన్నవాళ్ళు కూడా అనే మాటలు కొన్ని ఉన్నాయి. కొన్ని తెలియక అడిగేవి, పర్లేదు. కొన్ని మాత్రం మనుషుల ప్రాణాల మీదకి తెచ్చేవి. అందుకే రాస్తున్నాను.

అపోహ: హెచ్‌ఐవీ ఇప్పుడెక్కడుందండీ, ఎప్పుడో తగ్గిపోయింది కదా

తగ్గింది, నిజమే. కొత్తగా సోకేవాళ్ళు 2010తో పోలిస్తే చాలా తగ్గారు, చనిపోయేవాళ్ళు ఇంకా బాగా తగ్గారు. కానీ దేశంలో ఇవాళ్టికీ 25 లక్షల మందికి పైగా హెచ్‌ఐవీతో ఉన్నారు. జనాభాలో శాతం చూస్తే మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాత వరసలో వచ్చేవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణే. బస్టాండ్ గోడల మీద ఎర్ర రిబ్బన్ బొమ్మలు కనబడకపోతే జబ్బు పోయినట్టు కాదు.

అపోహ: జబ్బున్నవాళ్ళే రీసెర్చ్ చేస్తే అది రీసెర్చ్ ఎలా అవుతుంది, వాళ్ళకి అనుకూలంగా రాసుకుంటారు కదా

ఈ మాట ఎక్కువగా పెద్ద చదువులు చదివినవాళ్ళ దగ్గర్నుంచి వస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో 5,000 మందికి పైగా స్త్రీలతో వాయిస్ అనే ట్రయల్ జరిగింది. హెచ్‌ఐవీ రాకుండా ముందుజాగ్రత్తగా వాడే మాత్రలు, జెల్ పనిచేస్తాయా లేదా చూడటానికి. ఆ స్త్రీలు చెప్పినదాన్ని బట్టి, తిరిగిచ్చిన డబ్బాల్లో మిగిలిన మాత్రల లెక్కను బట్టి, దాదాపు 90 శాతం సక్రమంగా వాడినట్టే. తీరా రక్తం పరీక్షిస్తే మందు ఆనవాలు దొరికింది మూడో వంతు కంటే తక్కువ శాంపిళ్ళలో. 2013లో ఫలితాలొచ్చాయి, ఏ మందూ పనిచేసినట్టు తేలలేదు. తర్వాత వాళ్ళతో తీరిగ్గా కూర్చుని మాట్లాడితే అసలు సంగతులు బయటికొచ్చాయి: ఈ మాత్రలు చూసి నాకే హెచ్‌ఐవీ ఉందనుకుంటారేమో, మొగుడు ఏమంటాడో, ఒంటికి పడకపోతే ఎలా, ఇలాంటివి. అక్కడ లెక్కలు కట్టడం రానివాళ్ళెవరూ లేరు. ఆ స్త్రీలకి నిజం చెప్పే ధైర్యం కలగలేదు, అంతే.

మన దగ్గర కూడా ఇంతే. "గత నెలలో ఎన్నిసార్లు మందు మానేశారు?" అని కాగితం చూసి అడిగితే "ఒక్కరోజూ మానలేదండి" అనే జవాబే వస్తుంది. గుంటూరు వైపు ఒక ఊళ్ళో అదే ప్రశ్న మా పీర్ (తనూ అదే స్థితిలో ఉండి తోటివాళ్ళతో పనిచేసే మనిషి) ఒకావిడ, ఏళ్ళ తరబడి మందులు వాడుతున్నావిడే, ఇలా అడిగింది: "వదినా, మిరప కోతలకెళ్ళినప్పుడు అందరూ ఒకే షెడ్డులో పడుకుంటారు కదా, డబ్బా ఎక్కడ పెట్టుకున్నావ్?" అవతలావిడ ఒక్క క్షణం ఆగి, "ఎక్కడ పెడతాను, అసలు తీసుకెళ్తేగా" అంది. ఆ తర్వాత ఎన్నాళ్ళు, ఎందుకు, అన్నీ చెప్పుకొచ్చింది. డబ్బా కదిలితే చాలు మాత్రలు గలగలమంటాయి, పక్కనున్నవాళ్ళు అవేం మందులని అడుగుతారు. కొంతమంది చప్పుడు రాకుండా డబ్బాలో దూది కుక్కుతారు, కొంతమంది మాత్రల్ని ప్లాస్టిక్ కవర్లో ముడేసి కొంగులో కట్టుకుంటారు, దానికి చెమ్మ తగిలి మందు పాడవుతుంది. ఇదంతా ఏ ప్రశ్నాపత్రంలోనూ ముందు లేదు, ఆ పీర్ వల్లే చేరింది.

ఇక సర్వే టీమ్ ఉదయం పదింటికి బోర్డున్న జీపులో వచ్చి ఇంటి ముందే ఆగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రాత్రి పని చేసేవాళ్ళు ఆ టైమ్‌కి నిద్రలో ఉంటారు, లేచినవాళ్ళు తలుపు తీయరు. బండి ఎక్కడ ఆపాలి, ఏ టైమ్‌కి రావాలి, ఎవరింట్లో కూర్చుని మాట్లాడాలి అన్నవి మా సంఘం వాళ్ళు చెబితేనే తెలుస్తాయి.

పక్షపాతం ఉండదా అంటే ఉంటుంది, అందరికీ ఉంటుంది, దాన్ని అదుపు చేసే పద్ధతులు మేమూ పాటిస్తాం. నిజానికి మా దగ్గర అంతకంటే పెద్ద సమస్య గోప్యత. చిన్న ఊళ్ళలో అందరూ అందరికీ తెలుసు, అందుకే ఒక మండలం పీర్లని ఇంకో మండలంలో ఇంటర్వ్యూలకి పంపుతాం. 2008 నుంచి వందకి పైగా దేశాల్లో జరుగుతున్న, హెచ్‌ఐవీ వివక్షని కొలిచే స్టిగ్మా ఇండెక్స్ అధ్యయనాల్లో ప్రశ్నలు అడిగేదే హెచ్‌ఐవీతో ఉన్నవాళ్ళు. వివక్ష గురించి ఈరోజు ప్రపంచం దగ్గరున్న సమాచారంలో చాలా భాగం అలా వచ్చిందే.

అపోహ: క్లినికల్ ట్రయల్ అంటే పేదవాళ్ళని ఎలుకల్లా వాడుకోవడమే

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను, ఊరికే పుట్టలేదు. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాలు ఒక అధ్యయనంలో భాగంగా వేశారు, వాళ్ళలో చాలామంది హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు. తల్లిదండ్రులకి బదులు వార్డెన్లే ఎన్నో సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టేశారు. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి, అసలు అడగకుండానే వేశారన్నది మాత్రం ఆ జిల్లాలో ఇప్పటికీ మర్చిపోలేదు.

హెచ్‌ఐవీలో ఇలాంటి దెబ్బే 2004లో కంబోడియాలో తగిలింది. టెనోఫోవిర్ అనే మందు హెచ్‌ఐవీ రాకుండా ఆపుతుందా చూడటానికి సెక్స్ వర్కర్లతో ట్రయల్ మొదలుపెట్టాలనుకున్నారు. ట్రయల్ వల్ల మాకేమైనా అయితే తర్వాత వైద్యం ఎవరు చేయిస్తారు అని వాళ్ళ సంఘం అడిగింది. సరైన జవాబు రాలేదు, గొడవ పెద్దదై ప్రభుత్వమే ట్రయల్ ఆపేసింది. వాళ్ళు అడిగింది న్యాయమైన ప్రశ్న. అలాంటి అనుభవాల తర్వాతే 2007లో, మళ్ళీ 2011లో, ట్రయల్ మొదలవకముందు నుంచే ప్రజలని ఎలా కలుపుకుపోవాలో మార్గదర్శకాలొచ్చాయి. మన దేశంలో ఎథిక్స్ కమిటీలో డాక్టర్లు, లాయర్లతో పాటు ఒక మామూలు మనిషి కూడా ఉండాలి, ట్రయల్ వల్ల హాని జరిగితే పరిహారం ఇవ్వాలి.

మరి ట్రయల్సే వద్దంటే? 2024లో ఫలితాలొచ్చిన ఒక ట్రయల్‌లో, దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో హెచ్‌ఐవీ రాకుండా ఆరు నెలలకొకసారి తీసుకునే లెనకాపవిర్ ఇంజెక్షన్ 2,134 మంది అమ్మాయిలకి, స్త్రీలకి ఇస్తే ఒక్కరికి కూడా హెచ్‌ఐవీ సోకలేదు. రోజూ డబ్బా దాచుకోవాల్సిన పని లేని మందు ఇది, పైన చెప్పిన మిరప కోతల షెడ్డులో పడుకునేవాళ్ళకి అదెంత పెద్ద సంగతో ఆలోచించండి. దాని చవక జెనరిక్ తయారీకి లైసెన్స్ దొరికిన ఆరు కంపెనీల్లో హెటెరో, డాక్టర్ రెడ్డీస్ మన హైదరాబాద్‌వే. 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకి వివిధ దేశాలకి ఇస్తామని ఒప్పందాలయ్యాయి. అది మన ప్రభుత్వ కార్యక్రమంలోకి ఎప్పుడొస్తుంది, ఎవరికి ముందు ఇస్తారు అని ఇప్పటి నుంచే అడగాలి.

అపోహ: యాక్టివిస్టులకి ఆవేశమే తప్ప సైన్స్ తెలియదు

2018లో బోట్స్‌వానా నుంచి ఒక హెచ్చరిక వచ్చింది. గర్భం దాల్చేటప్పటికి డోల్యుటెగ్రావిర్ అనే కొత్త హెచ్‌ఐవీ మందు వాడుతున్న తల్లుల పిల్లల్లో వెన్నెముక, మెదడుకి సంబంధించిన లోపాలు కొంచెం ఎక్కువ కనబడుతున్నాయని. అప్పటికి చూసింది 426 కాన్పులు, అందులో నలుగురు పిల్లలు. దాంతో చాలా దేశాల్లో పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళకి ఆ మందు ఇవ్వడం ఆపేశారు, ఇస్తే గర్భనిరోధకం వాడాల్సిందే అన్నారు. మగవాళ్ళకి మాత్రం మంచి మందు, ఆడవాళ్ళకి పాతదే.

ఆ జులైలో ఆఫ్రికా దేశాల నుంచి హెచ్‌ఐవీతో ఉన్న మహిళలు రువాండా రాజధాని కిగాలీలో కలుసుకుని లెక్కలన్నీ ముందేసుకున్నారు. పాత మందు వల్ల వచ్చే ఇబ్బందులేంటి, చికిత్స సరిగా పనిచేయకపోతే తల్లికీ బిడ్డకీ ఏమవుతుంది, ఈ కొత్త ప్రమాదం ఎంత, అన్నీ తూచి చూసి, మాకు పూర్తి సమాచారం ఇవ్వండి, నిర్ణయం మేం తీసుకుంటాం అని రాసిచ్చారు. 2019లో ఇంకా ఎక్కువ కాన్పుల సమాచారం వచ్చాక ఆ ప్రమాదం చాలా చిన్నదని తేలింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ అదే మందు సిఫారసు చేసింది. ఇవాళ మన దగ్గర హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లలో రోజుకొక్కటి వేసుకోమని ఇచ్చే మాత్రలో ఉన్నది అదే. ఆవేశమా ఇది?

మన దేశంలో కూడా అంతే. పిల్లలకిచ్చే నెవిరపిన్ అనే హెచ్‌ఐవీ మందు సిరప్ మీద ఒక కంపెనీ పేటెంట్ అడిగితే, హెచ్‌ఐవీతో ఉన్న మహిళల నెట్‌వర్క్, ఇంకో పాజిటివ్ నెట్‌వర్క్ (హెచ్‌ఐవీతో ఉన్నవాళ్ళ సంఘం) కలిసి 2006లో అభ్యంతరం వేశాయి, 2008లో పేటెంట్ ఆఫీసు ఆ దరఖాస్తుని తిరస్కరించింది. కెమిస్ట్రీ, చట్టం రెండూ నేర్చుకుంటే తప్ప రాయలేని కాగితాలవి.

అపోహ: మందులు వాడుతున్నా వాళ్ళ నుంచి అంటుకుంటుంది

మందులు క్రమం తప్పకుండా వాడుతూ వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) పరీక్షకి అందనంత తగ్గి, అలాగే నిలబడితే, శృంగారం ద్వారా భాగస్వామికి సోకదు. 1,763 జంటలతో జరిగిన పెద్ద అధ్యయనంలో చెన్నై, పుణె జంటలు కూడా ఉన్నారు, 2011లోనే దాని ఫలితాలొచ్చాయి. 2019లో వచ్చిన ఇంకో అధ్యయనంలో దాదాపు 76,000 సార్లు కండోమ్ లేకుండా కలిసినా భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటి కూడా లేదు. తల్లి నుంచి బిడ్డకి సోకే అవకాశం కూడా మందులు లేకపోతే 15 నుంచి 45 శాతం, సరిగా వాడితే 5 శాతం లోపు.

సూదులు పంచుకోవడానికి ఇది వర్తించదు, మిగతా సుఖవ్యాధులకి కండోమ్ కావాల్సిందే. నా బాధ ఏంటంటే, ఈ మాట పాజిటివ్‌గా ఉన్నవాళ్ళకే చాలామందికి ఎవరూ చెప్పలేదు. వైరల్ లోడ్ రిపోర్ట్ చేతికిస్తారు, ఆ అంకె అర్థమేంటో చెప్పరు. పదేళ్ళుగా భార్యకి దూరంగా వేరే గదిలో పడుకుంటున్న మనుషులున్నారు.

అపోహ: మందులు ఫ్రీయే కదా, ఇంకేం కావాలి

2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితమే. కానీ సెంటర్‌కి వెళ్ళాలంటే బస్ ఛార్జీ, పోయిన కూలి, పొలం యజమానికి చెప్పాల్సిన అబద్ధం, ఇవేవీ ఉచితం కాదు. 2022లో కొన్ని మందులు దొరక్క ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (NACO) ఆఫీసు దగ్గర పాజిటివ్ నెట్‌వర్క్ వాళ్ళు వారాల తరబడి కూర్చున్నారు. 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం వివక్షని నిషేధించింది, సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, స్థితి బయటపెట్టకూడదు అంది. చికిత్స దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రభుత్వాలు "సాధ్యమైనంత వరకు" ఇవ్వాలని రాసుకుంది. ఆ మాట తీసేయమని సంఘాలు అడిగినా తీయలేదు.

ట్రాన్స్ మహిళల సంగతి ఇంకా కష్టం. ఓపీ లైన్లో మగవాళ్ళ వరసలో నిలబడాలా, ఆడవాళ్ళ వరసలోనా అన్న దగ్గరే సగం మంది వెనక్కి వెళ్ళిపోతారు. 2021లో హైదరాబాద్‌లో మొదలైన మిత్ర్ క్లినిక్‌లో పనిచేసేవాళ్ళు ఎక్కువగా ట్రాన్స్ వ్యక్తులే. హార్మోన్ సలహా, కౌన్సెలింగ్, హెచ్‌ఐవీ పరీక్ష అన్నీ ఒకేచోట కాబట్టి ఎవరు ఎందుకొచ్చారో పక్కవాళ్ళకి తెలియదు, అందుకే జనం వచ్చారు. 2025 మొదట్లో అమెరికా నిధులు ఆగిపోగానే మూతపడింది, తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్ళీ తెరుచుకుంది. వేరే దేశం తీసుకునే ఒక్క నిర్ణయంతో మూతపడే స్థితిలో మన వైద్యం ఉండకూడదు. ఇలాంటి క్లినిక్‌లకి మన ప్రభుత్వాలే డబ్బు పెట్టాలి.

అపోహ: పెళ్ళికి ముందు టెస్ట్ తప్పనిసరి చేస్తే సరిపోతుంది

సరిపోదు. సోకిన కొత్తలో పరీక్షలో కనబడకపోవచ్చు, పెళ్ళి తర్వాత సోకడాన్ని ఏ సర్టిఫికెట్టూ ఆపదు, బలవంతం చేస్తే జనం దొంగ రిపోర్టులు తెచ్చుకుంటారు. ఇష్టపడి చేయించుకునే పరీక్ష ప్రభుత్వ ఐసీటీసీల్లో (హెచ్‌ఐవీ సలహా, పరీక్ష కేంద్రాలు) ఉచితం, అనుమానాలుంటే హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి. హెచ్‌ఐవీ సోకే పరిస్థితి ఎదురైందనుకుంటే 72 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్తే నివారణ మందులు మొదలుపెడతారు, ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది.

అపోహ: పీర్లు చేసేది సేవ, వాళ్ళకి జీతం ఎందుకు

ఇది వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. డేటా ఎంట్రీ చేసినవాళ్ళకి జీతం, స్టాటిస్టిక్స్ చేసినవాళ్ళకి జీతం, రాత్రి పదకొండింటికి హైవే పక్క నిలబడి మనుషుల్ని ఒప్పించి తీసుకొచ్చినావిడకి మాత్రం టీ ఖర్చులు, ఒక సర్టిఫికెట్. రీసెర్చ్ ప్రపోజల్ రాస్తున్నవాళ్ళు ఇది చదువుతుంటే నా మాట వినండి: పీర్లకి నెల జీతం రాయండి, ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ళకి పోయిన కూలి, రానుపోను ఛార్జీలు రాయండి. ప్రశ్నలు తయారయ్యే రోజునే సంఘం వాళ్ళని కూర్చోబెట్టండి, అచ్చయ్యే పేపర్లో వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేర్లు పెట్టండి. ఫలితాలు జర్నల్‌కి పంపకముందే తెలుగులో వాళ్ళకి చదివి వినిపించడానికి ఒక రోజు, దానికయ్యే భోజనం ఖర్చు కూడా రాయండి. బడ్జెట్‌లో ఏ పద్దు కింద రాయాలో తెలియకపోతే మీ దగ్గర్లోని సంఘాన్ని అడగండి, వాళ్ళకి లెక్కలు బాగానే తెలుసు.