సమూయేలు గ్రంథంలోని ‘పీమ్’: ఆకురాయి కాదు, తూకపురాయి

హెబ్రీ బైబిలు మొత్తంలో ఒకే ఒక్కచోట, మొదటి సమూయేలు 13వ అధ్యాయం 21వ వచనంలో కనిపించే ‘పీమ్’ అనే మాటకు అర్థం ఇరవయ్యో శతాబ్దం దాకా తేలలేదు. సందర్భంలో మాత్రం సందిగ్ధం లేదు. ఇశ్రాయేలీయులు కత్తులు, ఈటెలు చేయించుకుంటారన్న భయంతో ఫిలిష్తీయులు ఆ దేశంలో కమ్మరి అన్నవాడే లేకుండా చేశారు. నాగటి నక్కుకో గొడ్డలికో పదును పెట్టించుకోవాలన్నా శత్రువు దగ్గరికే వెళ్లవలసి వచ్చేది.

ప్రాచీన గ్రీకు అనువాదకులు ఇక్కడ పంట కోతకు సిద్ధంగా ఉందని రాశారు. బైబిలును లాటిన్‌లోకి అనువదించిన జెరోము పనిముట్ల అంచులు మొద్దుబారాయన్నాడు. ‘పే’ అంటే నోరు కనుక ‘పీమ్’ దాని బహువచనమై ఉంటుందని తలచిన మధ్యయుగ యూదు వ్యాఖ్యాతలు అనేక నోళ్లున్న ఆకురాయిగా దీన్ని వివరించారు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులోనూ, మన పాత తెలుగు బైబిలులోనూ కనిపించేది ఆ ఆకురాయే.

ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో గెజెరు వంటి పాలస్తీనా స్థలాల్లో, పైన గుమ్మటంలా గుండ్రంగా, అడుగున చదునుగా ఉన్న చిన్న సున్నపురాళ్లు దొరికాయి. వాటిపై పే, యోద్, మేమ్ అనే మూడు హెబ్రీ అక్షరాలు, అంటే ‘పీమ్’ అనే మాటే, చెక్కి ఉంది. వాటి బరువు సుమారు 7.8 గ్రాములు; అంటే మన బైబిలులో ‘తులము’గా కనిపించే షెకెల్‌లో దాదాపు మూడింట రెండు వంతులు. నాణేలు లేని ఆ కాలంలో వెండిని ఇలాంటి రాళ్లతోనే తూచి ఇచ్చేవారు. దాంతో పీమ్ పనిముట్టు కాదని, పదును పెట్టినందుకు చెల్లించిన కూలి అని తేలింది. వచనం తాత్పర్యమే తిరగబడింది: ఆకురాళ్లైనా మిగిలాయన్న ఊరట పోయి, ఒక్క నక్కు సానకే అంత వెండి తూచి ఇవ్వవలసి వచ్చిన రైతు దైన్యం బయటపడింది. 1952లో వెలువడిన రివైజ్డ్ స్టాండర్డ్ అనువాదం ‘పీమ్’ను కూలిగానే ఇచ్చింది.

అయితే పీమ్ పక్కనే ఉన్న ‘పెట్సీరా’ కూడా మరెక్కడా రాని మాటే. దాన్ని ‘కూలి’ అనడం సందర్భాన్ని బట్టి చేసిన ఊహ. పైగా దొరికిన రాళ్లలో అత్యధికం యూదా రాజ్యపు చివరి శతాబ్దాలవి. ఈ కథ జరిగినట్టు చెప్పే ఇశ్రాయేలు తొలి రాజు సౌలు కాలం అంతకు మూడు నాలుగు వందల ఏళ్ల ముందుది. కాబట్టి ఈ రాళ్లు మాట అర్థాన్ని తేల్చాయే గాని, కథనం ఎప్పుడు రాశారన్న ప్రశ్నకు అవి మాత్రమే జవాబు కాలేవు.