హోమ్స్ కథలపై స్క్రిప్ట్ మీటింగుల్లో వినిపించే అపోహలు

డిటెక్టివ్ ఆడియో సీరియళ్లకు స్క్రిప్టులు రాయడం నా పని. "షెర్లాక్ హోమ్స్ లెవెల్లో ఉండాలండీ" అనని నిర్మాత ఉండరు. వాళ్ల మనసులో ఉండేది మాత్రం సినిమా హోమ్స్. హోమ్స్ సృష్టికర్త కానన్ డాయిల్ 1891 జులై నుంచి 1892 జూన్ దాకా స్ట్రాండ్ మాసపత్రికలో రాసిన 12 కథలు చదివితే లెక్క మారిపోతుంది.

అపోహ: మొదటి సీన్లోనే శవం పడాలి.
వాస్తవం: వీటిలో హత్య కేసులు తక్కువే. అసలు నేరమే లేనివీ ఉన్నాయి. 'ఎ కేస్ ఆఫ్ ఐడెంటిటీ'లో ఒక సవతి తండ్రి, కూతురికి ఏటా వచ్చే 100 పౌండ్లు ఇల్లు దాటిపోకూడదని మారువేషంలో తానే ఆమెకు కాబోయే వరుడిగా నటిస్తాడు. ప్రేమలేఖలన్నీ టైపు చేసినవే, ఆఖరికి సంతకం కూడా! హోమ్స్‌కు అక్కడే దొరికిపోతాడు. కానీ చట్టం అతన్ని ఏమీ చేయలేదు. ఈ కథ వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అపోహ: హోమ్స్‌కు ఓటమి లేదు, ఐరీన్ ఆడ్లర్ అనే పాత్ర అతని ప్రియురాలు.
వాస్తవం: 12 కథల్లో మొదటిదానిలోనే ఆమె చేతిలో ఓడిపోయాడు. తర్వాత ఒక కథలో, నాలుగుసార్లు ఓడానని, అందులో ఒకసారి ఒక స్త్రీ చేతిలోనని తనే ఒప్పుకుంటాడు. ప్రేమ సంగతంటారా, గుర్రాలవాడి వేషంలో వెళ్లి ఆమె పెళ్లికి సాక్షిగా నిలబడ్డాడు. రొమాన్స్ అంతా, తర్వాతి కాలంలో తెరకెక్కించినవాళ్లు కలిపిన మసాలా.

"ఎలిమెంటరీ, మై డియర్ వాట్సన్" అన్న డైలాగ్ డాయిల్ కథల్లో ఎక్కడా లేదు. హోమ్స్ అనగానే గుర్తొచ్చే, చెవులు కప్పే ఆ టోపీ కూడా ఈ కథలకు బొమ్మలు వేసిన సిడ్నీ పాజెట్ పెట్టిందే.

అపోహ: లాజిక్ పక్కాగా ఉంటేనే కథ నిలబడుతుంది.
వాస్తవం: ఈ 12 కథల్లోదే 'స్పెకిల్డ్ బ్యాండ్' చూడండి. కలకత్తాలో ప్రాక్టీసు చేసొచ్చిన డాక్టరు, హత్యకు వాడే పాముకు సాసర్లో పాలు పెట్టి, ఈల వేసి వెనక్కి పిలుస్తాడు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మనకు పాల సంగతి వింతగా అనిపించదు గానీ, పాము ఆహారం పాలు కాదు, ఈల అది మనలా వినదు. అందులో చెప్పిన 'స్వాంప్ ఆడర్' అనే పాము మన దేశంలో లేనే లేదు. అయినా నేలకు బిగించేసిన మంచం, దాని మీదికి పాము దిగడానికి వేలాడే, లాగినా మోగని గంటతాడు చాలు, టెన్షన్ పట్టేస్తుంది. 1910లో డాయిలే దీన్ని లండన్‌లో నాటకంగా వేయించి, నిజం పామునే స్టేజీ ఎక్కించాడు. అది ఉత్త బొమ్మ పామని చూడగానే తెలిసిపోతోందని ఒక విమర్శకుడు రాశాడు.