ఎస్ స్కేలులో భవనాలు దొరకవా? అపోహలు - వాస్తవాలు

“ఎస్ స్కేలుకు ఇళ్లు, స్టేషన్లు దొరకవట కదండీ, ఈ రైళ్లు అమ్మేసి హెచ్‌ఓకు మారిపోమంటారా?” ఎస్, హెచ్‌ఓ అనేవి బొమ్మ రైళ్ల సైజులు, హెచ్‌ఓ ఎస్ కంటే చిన్నది. అమెరికాలోని ఒహాయోలో మోడల్ రైల్వే లేఅవుట్లకు, అంటే బల్ల మీద పరిచే బొమ్మ రైళ్ల ఊళ్లకు, భవనాలు కట్టి ఇవ్వడం నా పని. కొత్తగా ఫోను చేసేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. వాళ్ల గొంతులో కంగారు తెలిసిపోతుంది. కొందరికి తాతగారి అమెరికన్ ఫ్లయర్ బొమ్మ రైలు సెట్టు అటక మీద దొరికి ఉంటుంది. కొందరికి కొన్న ఇంటి బేస్‌మెంటులో పాత యజమాని వదిలేసినది దక్కి ఉంటుంది. పట్టాలు తుడిచి రైలు నడిపితే పిల్లలు కేరింతలు కొడతారు, ఆ వెంటనే “ఊరేది?” అని అడుగుతారు. భవనాల కోసం వెతకడం మొదలుపెట్టగానే ఎవరో ఒకరు చెప్పేస్తారు, ఈ స్కేలు చచ్చిపోయింది, అమ్ముకోండి అని. ఆ మాట నమ్మి మంచి ఇంజిన్లను పావలా వంతు ధరకు వదిలించుకున్నవాళ్లను చూశాను. అందుకే ఈ ఒక్క అపోహ గురించి తీరిగ్గా చెబుతాను. మిగతావాటికి అంత అక్కర్లేదు.

అపోహ: పెట్టె మీద ‘ఎస్’ అని రాసి ఉంటేనే మనకు పనికొస్తుంది. అలాంటి పెట్టెలు లేవు కాబట్టి ఈ స్కేలులో ఊరు కట్టలేం.

ఈ మాటలో కొంత నిజం ఉంది కాబట్టే ఇంతమంది నమ్ముతున్నారు. ఎ.సి. గిల్బర్ట్ కంపెనీ 1946లో అమెరికన్ ఫ్లయర్‌ను రెండు పట్టాల ఎస్ గేజులోకి, అంటే ఎస్ స్కేలు పట్టాల వెడల్పులోకి తెచ్చింది. 1967 నాటికి ఆ పేరు లయొనెల్ అనే మరో బొమ్మ రైళ్ల కంపెనీ చేతికి వెళ్లిపోయింది. ఈలోగా మార్కెట్టు హెచ్‌ఓ వైపు మళ్లింది. ప్లాస్టిక్ కిట్లు చేసే కంపెనీలు ఎక్కువమంది కొనే స్కేలుకే అచ్చులు పోయించాయి. అందువల్ల దుకాణంలో ఎస్ అరలు బోసిగా కనిపిస్తాయి, కాదనను. లేజరుతో చెక్క కోసి ఎస్ కిట్లు చేసే చిన్న వర్క్‌షాపులు ఉన్నాయి. వాటి వివరాలు కావాలంటే నేషనల్ అసోసియేషన్ ఆఫ్ ఎస్ గేజర్స్ సభ్యులను అడగండి, ఓపికగా చెబుతారు. అయితే వాటి కోసం ఎదురుచూస్తూ కూర్చోవలసిన పని లేదు.

స్కేలు అంటే ఒక నిష్పత్తి. ఎస్ అంటే 1:64, అడుగుకు 3/16 అంగుళం. హెచ్‌ఓ 1:87, అమెరికాలో ఓ స్కేలు 1:48. మన ఎస్ ఈ రెండింటికీ మధ్యలో ఉంది. కాబట్టి పెట్టె మీది అక్షరాన్ని పక్కన పెట్టి, తలుపు కొలవండి. అమెరికా ఇళ్లలో మామూలు తలుపు ఎత్తు 80 అంగుళాలు. అది ఎస్‌లో దాదాపు 32 మి.మీ., హెచ్‌ఓలో 23, ఓలో 42. మనిషి సంగతి చూడండి. అయిదడుగుల పది అంగుళాల మనిషి ఎస్‌లో 28 మి.మీ. ఉంటాడు. అతన్ని 23 మి.మీ. తలుపు ముందు నిలబెడితే తల గుమ్మం పైకి వెళ్తుంది. స్కేళ్ల గురించి ఏమీ తెలియని చిన్నపిల్ల కూడా దీన్ని ఇట్టే పట్టేస్తుంది. అదే మనిషిని పెద్ద కర్మాగారం గోడ పక్కన నిలబెట్టండి, గోడ ఎత్తు ఎంత ఉండాలో ఎవరికీ తట్టదు.

దీన్నిబట్టి ఏది కొనాలో, ఏది వద్దో తేలుతుంది. హెచ్‌ఓ నుంచి పెద్ద పారిశ్రామిక భవనాలు తీసుకోండి. హెచ్‌ఓలో 14 అడుగుల అంతస్తు ఎస్‌లో పది అడుగుల పైచిలుకు అవుతుంది, గోదాముకు అది చాలు. హెచ్‌ఓ నివాసాల జోలికి మాత్రం వెళ్లకండి. అక్కడ ఎనిమిదడుగుల గది ఎస్‌లో ఆరడుగులు కూడా ఉండదు, మనిషి నిలబడితే తల కప్పుకు తగులుతుంది. ఓ స్కేలు నుంచి చిన్నవి తీసుకోండి: కాపలాదారు గుడిసె, పనిముట్ల కొట్టు, బొగ్గు డబ్బా, పెరటి షెడ్డు. పెరటి షెడ్డు మూడో వంతు పెద్దదైతే మరో పెరటి షెడ్డే అవుతుంది, ఎవరూ నిలదీయరు. ఓ స్కేలులోని పాత బజారు దుకాణాలు కూడా తరచుగా సరిపోతాయి. పాత పట్టణాల దుకాణాలకు నిజంగానే ఎత్తయిన తలుపులు, ఎత్తయిన పైకప్పులు ఉండేవి మరి.

కొలవడానికి ప్రత్యేకమైన పరికరం అక్కర్లేదు. ఆర్కిటెక్టులు వాడే మూడంచుల కొలబద్ద మీద అడుగుకు 3/16 అంగుళం గీత ఉంటుంది, అదే మన ఎస్ స్కేలు. పావు అంగుళం గీత ఓ స్కేలు. ఆ కొలబద్ద చాలా ఇళ్లలో ఎక్కడో ఒక సొరుగులో పడి ఉంటుంది, ముఖ్యంగా సివిల్ ఇంజినీర్లున్న మన ఇళ్లలో. కాగితం మీద నమూనా గీత దొరికితే పని మరీ తేలిక. హెచ్‌ఓ కొలతకు గీసినదాన్ని కాపీయర్‌లో 136 శాతానికి పెంచండి, ఓ స్కేలు కొలతకు గీసినదాన్ని 75 శాతానికి తగ్గించండి. దాన్ని అట్ట మీద అంటించి కోస్తే గోడలు సిద్ధం.

ఇది ఒట్టి లెక్కల కబురు కాదు. కొలంబస్‌లో ఉండే గుంటూరు ఆయన ఒకరు పోయిన శీతకాలం నాకు ఫోను చేశారు. కూతురి కోసం తీసిన ఫ్లయర్ సెట్టును మర్నాడే అమ్మేద్దామని నిర్ణయించుకున్నారు. “పాప ఏడుస్తోందండీ. భవనాలు లేని ఊరు ఊరెలా అవుతుందని అడుగుతోంది” అన్నారు. “అమ్మకండి. శనివారం పాపను తీసుకుని రండి” అన్నాను. వచ్చేటప్పుడు పాప చేతిలో హెచ్‌ఓ గూడ్స్ షెడ్డు కిట్టు ఉంది. తెలియక కొన్నామని, వాపసు తీసుకోరని ఆయన బాధ. నిజానికి అంతకంటే మంచి కిట్టు తేలేరు.

సరుకు ఎక్కించే పెద్ద తలుపులు 35 మి.మీ. ఎత్తున్నాయి. హెచ్‌ఓలో పదడుగులు, ఎస్‌లో ఏడడుగుల నాలుగంగుళాలు. వాటిని ముట్టుకోలేదు. మనుషులు వెళ్లే చిన్న తలుపును మాత్రం చట్రంతో సహా కోసి తీసేసి, ఆ కంతను పైకి పెంచి 32 మి.మీ. తలుపు బిగించాం. తర్వాత అరుగు. వ్యాగన్‌లోంచి సరుకు దించే అరుగు నాలుగడుగులు ఉండాలి, ఎస్‌లో 19 మి.మీ. కిట్టులో ఉన్నది 14. షెడ్డు మొత్తాన్ని 5 మి.మీ. మందం స్టైరీన్ ప్లాస్టిక్ పట్టీల మీదికి ఎత్తి, ఆ పట్టీల మీద సూదితో రాళ్ల గీతలు గీయించాను. పాప నాలుక కొరుక్కుంటూ ఒక్కో రాయి గీసింది. కిట్టులోని మెట్లు పారేశాం. మెట్టు ఏడంగుళాలు ఉండాలంటే ఎస్‌లో 2.8 మి.మీ. కావాలి, కిట్టువి రెండు మాత్రమే. ఏడు మెట్లు కొత్తగా పేర్చి, పక్కన 17 మి.మీ. కమ్మీ నిలబెట్టాం. అంతే, తలుపు, అరుగు, మెట్లు, కమ్మీ. మనిషి చెయ్యి, కాలు తగిలే చోట్లు ఇవే. వీటిని సరిచేస్తే మిగతా భవనం ఏ స్కేలుదని ఎవరూ అడగరు. ఆ షెడ్డు ఇప్పుడు వాళ్ల లేఅవుట్ మీద ఉంది, రైళ్లు ఆయన దగ్గరే ఉన్నాయి.

అపోహ: ఇటుకల సైజు పట్టిస్తుంది.

పట్టివ్వదు. హెచ్‌ఓ ఇటుక ఎస్‌లో ఆరంగుళాల చిన్న ఇటుక అవుతుంది. రెండడుగుల దూరం నుంచి చూసే కన్ను ఇటుకల్ని లెక్కపెట్టదు, గోడ రంగునూ సున్నం గీతలనూ చూస్తుంది. ఆ గీతల్లో పల్చటి బూడిదరంగు నింపి తుడవండి. ఇటుకల గురించి భయపడి మంచి భవనాన్ని వదులుకోవద్దు.

అపోహ: పాత ప్లాస్టిక్‌విల్ పెట్టె మీద ‘ఓ, ఎస్’ అని రెండూ ఉన్నాయి కాబట్టి కళ్లు మూసుకుని కొనవచ్చు.

బాక్‌మన్ వాళ్ల ఆ ఇళ్లంటే నాకు ప్రాణం, ఎన్నో పిల్లల ఊళ్లు వాటితోనే మొదలయ్యాయి. కానీ అవి బొమ్మలుగా రూపొందినవి. ఒకే పెట్టె రెండు స్కేళ్లకూ కచ్చితంగా సరిపోవడం లెక్క ప్రకారం కుదరదు. కొన్ని ఎస్‌కు దగ్గరగా ఉంటాయి, కొన్ని ఉండవు. అమ్మేవాళ్లను తలుపు ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లో అడగండి. చెప్పనంటే కొనకండి.

అపోహ: బొమ్మ కారు అడుగున 1:64 అని ఉంది, కాబట్టి అది ఎస్ స్కేలే.

ఇది భవనాల దగ్గరికి కూడా పాకింది కాబట్టి చెప్పాలి. 1968లో వచ్చిన హాట్ వీల్స్ మొదలు, ఇలాంటి చాలా కార్లను ఒకే సైజు ప్యాకెట్టులో పట్టేలా చేస్తారు. అందుకే చిన్న కారూ, లారీ, బస్సూ ఇంచుమించు ఒకే పొడవు ఉంటాయి. 12 మీటర్ల బస్సు 1:64లో 187 మి.మీ. పొడవుండాలి. ప్యాకెట్టులోని బస్సు అందులో సగం కూడా ఉండదు. ఆ బస్సుకు సరిపోయిందని డిపో షెడ్డు కొంటే అందులోకి మీ లారీలేవీ దూరవు.

ఇక్కడే ఒక శుభవార్త కూడా ఉంది. ఎస్ మోడలర్లు ఏళ్ల తరబడి పట్టించుకోని గని ఇది. అమెరికాలో వ్యవసాయ బొమ్మల సేకరణకు 1:64 ఒక ప్రధానమైన స్కేలు. అయోవాలోని డయర్స్‌విల్‌లో ఎర్టల్ కంపెనీ ట్రాక్టర్లు చేసింది, ఆ ఊళ్లో జాతీయ వ్యవసాయ బొమ్మల మ్యూజియం ఉంది. ఆ ట్రాక్టర్ల కోసం కొట్టాలు, ధాన్యం గాదెలు, సైలోలు, యంత్రాల షెడ్లు 1:64లోనే తయారవుతున్నాయి. పల్లె స్టేషను పక్కన ఇంకేం కావాలి? రైళ్ల దుకాణంలో లేదని దిగులు పడేవాళ్లను రెండు అరలు దాటి ట్రాక్టర్ల దగ్గరికి వెళ్లమంటాను. అలాగే బొమ్మ కార్ల సేకర్తల కోసం చేసే 1:64 పెట్రోలు బంకులు, గ్యారేజీలు, వీధి దృశ్యాలు. హైదరాబాదులోనూ ఈ సేకర్తలు ఉన్నారు, అట్టతో, ఎండీఎఫ్‌తో సొంతంగా కట్టుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లను అడగండి. బల్ల మీద సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధక్రీడల వాళ్లు 28 మి.మీ. అని అమ్మే ఇళ్లు మాత్రం, మన ఎస్ మనిషీ 28 మి.మీ.యే అయినా, 1:56 దరిదాపుల్లో ఉంటాయి. పైగా సైనికుల బొమ్మలు పీటల మీద నిలబడతాయని తలుపులు ఇంకా పెంచుతారు. శిథిలమైన గోడలు, రాతి వంతెనలు అయితే తెచ్చుకోండి.

అపోహ: త్రీడీ ప్రింటర్ వచ్చేసింది, శాతం మారిస్తే చాలు.

136 శాతం పెంచితే స్కేలు సరిపోతుంది, నిజమే. కానీ ఘనపరిమాణం రెండున్నర రెట్లవుతుంది, రెసిన్ ఖర్చూ అదే లెక్కన పెరుగుతుంది. 200 మి.మీ. గోడ 272 అవుతుంది, ఇంట్లో వాడే చాలా రెసిన్ ప్రింటర్లలో పట్టదు. గోడలు స్టైరీన్ షీటుతో కోసుకుని, కిటికీలు, తలుపులు మాత్రం ప్రింట్ చేసుకోండి. ప్రింటర్ సొమ్ముకు న్యాయం జరిగేది అక్కడే.

అపోహ: వేరే స్కేలు భవనం లేఅవుట్ మీద పెడితే మోసం.

వెనక గోడకు ఆనించి పెట్టిన హెచ్‌ఓ ఇల్లు దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది, బల్ల లోతు పెరిగినట్టు అనిపిస్తుంది. ఇది పాత పద్ధతి, నిస్సంకోచంగా వాడండి. దాని పక్కన ఎస్ మనిషిని మాత్రం పెట్టకండి.

అపోహ: టీటీ అంటే టీటీయే.

టీటీ అంటే హెచ్‌ఓ కంటే చిన్న మరో స్కేలు, ఇంగ్లండులో ఉండే మనవాళ్లు తరచుగా ఇందులో చిక్కుకుంటున్నారు. హార్న్‌బీ 2022లో తెచ్చిన టీటీ 1:120. 1957లో ట్రై-ఆంగ్ తెచ్చిన పాత బ్రిటిష్ టీటీ అడుగుకు 3 మి.మీ., అంటే 1:101.6. పాత సామానులో టీటీ స్టేషను చవకగా కనిపించగానే కొనేస్తారు. అక్కడి 1981 మి.మీ. తలుపు కొత్త టీటీలో 16.5 మి.మీ., పాతదానిలో 19.5. తేడా కళ్లకు కొడుతుంది.

ఈ 1:101.6 మన దేశపు రైళ్లు కట్టేవాళ్లకు మరో రకంగా అక్కరకొస్తుంది. మన బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య దూరం అయిదున్నర అడుగులు. అడుగుకు 3 మి.మీ. చొప్పున లెక్కేస్తే సరిగ్గా 16.5 మి.మీ., అంటే బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా. పట్టా హెచ్‌ఓది కాబట్టి స్టేషనూ హెచ్‌ఓదే కొనాలని చాలామంది అనుకుంటారు. బోగీలను 1:87లో కడితే హెచ్‌ఓ స్టేషను సరే. పట్టా వెడల్పు ప్రకారం 1:101.6లో కడితే 840 మి.మీ. ప్లాట్‌ఫారం ఎత్తు 8.3 మి.మీ. ఉండాలి, హెచ్‌ఓ లెక్కన చేసినది 9.6 ఉంటుంది. సికింద్రాబాదు నుంచి ఎవరైనా స్టేషను కట్టివ్వమని అడిగితే మొదట బోగీ తలుపు ఎత్తు కొలిచి పంపమంటాను. ఆ కొలత వచ్చాకే గోడలు గీయడం మొదలుపెడతాను.