కారు నేర్చుకోవాలా, సైకిల్ చాలా? డ్రైవింగ్ నేర్పే మనిషిగా నేను రోజూ వినే అపోహలు

విజయవాడలో ఆడవాళ్ళకు కారు నేర్పడం నా పని. ఎండ ముదిరేలోపు సగం క్లాసులు అయిపోవాలి కాబట్టి తెల్లవారకముందే బండి తీస్తాను. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకంటే, నేర్చుకోవాలా వద్దా అని అడగడానికి ఫోన్ చేసేవాళ్ళే ఎక్కువ. ఈమధ్య ఆ ఫోన్లలో సైకిల్ మాట బాగా వినిపిస్తోంది. "ఆఫీసు నాలుగు కిలోమీటర్లే మేడమ్, సైకిల్ మీద వెళ్ళిపోదామనుకుంటున్నా. ఇక కారు నేర్చుకోవడం దండగేమో" అని ఒకరు అడుగుతారు. "మా అమ్మాయికి సైకిల్ కూడా రాదండీ, కారు వస్తుందంటారా?" అని ఇంకొకరు. అందరికీ విడివిడిగా చెప్పేదే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: సైకిలో, కారో, ఏదో ఒకటే తేల్చుకోవాలి

కారు నడపడం నేర్చుకోవడం, కారు కొనడం, రోజూ కారులో తిరగడం, ఇవి మూడు వేర్వేరు విషయాలు. మనం మూడింటినీ కలిపేసి టెన్షన్ పడతాం. నేర్చుకోవడానికి అయ్యే ఖర్చు ఒక్కసారిదే. కొంటే మాత్రం ఈఎంఐ, ఇన్సూరెన్సు, సర్వీసింగ్, పార్కింగ్ వరసగా వస్తూనే ఉంటాయి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే (మన బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి చేసేది) మూడేళ్ళది ఒకేసారి తీసుకోవాలి.

నాలుగైదు కిలోమీటర్ల లోపు రోజువారీ ప్రయాణానికి సైకిలే మేలని నా అభిప్రాయం. డ్రైవింగ్ నేర్పి బతుకుతున్నా ఇదే చెబుతాను. తాపీగా తొక్కినా నాలుగు కిలోమీటర్లకు ఇరవై నిమిషాలు పడుతుంది. ఆఫీసుల వేళ మొగల్రాజపురం నుంచి గవర్నరుపేటకు కారులో వెళ్ళి, పార్కింగ్ వెతుక్కుని, అక్కడి నుంచి నడిచి వచ్చే మనిషి అంతకంటే పెద్దగా ముందు చేరరు. అలాగని డ్రైవింగ్ అక్కర్లేదని కాదు. అర్ధరాత్రి ఇంట్లో పెద్దాయనకు ఒంట్లో బాగోకపోతే, వాకిట్లో కారుండి తాళం తీసే మనిషి లేకపోతే ఆ ఇబ్బంది వేరు. రోజూ సైకిల్ తొక్కే మనిషి కూడా కారు నడపడం నేర్చుకుని ఉండాలనేది అందుకే.

అపోహ: సైకిల్ రానివాళ్ళకు కారు రాదు

నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో ఎక్కువమంది మనసులో పెట్టుకుని వచ్చే భయం ఇదే. చిన్నప్పుడు అన్నయ్యకు సైకిల్ కొనిచ్చి తమకు కొనివ్వకపోవడం వల్ల ఎంతోమందికి సైకిల్ రాలేదు. అది చేతకానితనం కాదు.

సైకిల్‌కు, స్కూటర్‌కు బ్యాలెన్స్ కావాలి. సైకిల్ ఎటు పడబోతోందో హ్యాండిల్ అటే తిప్పి నిలబెట్టుకోవాలి. రెండు చక్రాల బండి లైసెన్సుకు ట్రాక్ మీద కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె వేయిస్తారు, అక్కడ సైకిల్ వచ్చినవాళ్ళకు సులువు. కారు నాలుగు చక్రాల మీద నిలబడే ఉంటుంది. అక్కడ పరీక్ష బ్యాలెన్స్‌ది కాదు, కాలిది.

మొదటి రోజు నేను యాక్సిలరేటర్ ముట్టుకోనివ్వను. ఖాళీ గ్రౌండులో ఇంజను స్టార్ట్ చేయించి, ఎడమ మడమ నేలకు ఆనించి, క్లచ్ పూర్తిగా నొక్కి ఫస్ట్ గేరు వేయమంటాను. తర్వాత క్లచ్‌ను గోరంత గోరంత వదలాలి. ఒకచోట ఇంజను శబ్దం కాస్త బరువెక్కుతుంది, స్టీరింగ్ మీద ఉన్న చేతులకు సన్నటి వణుకు తెలుస్తుంది. అక్కడ కాలు ఆపితే బండి దానంతట అదే మెల్లగా కదులుతుంది. అదే హాఫ్ క్లచ్. కాలు ఒక్కసారిగా తీసేస్తే ఎగిరిపడి ఆగిపోతుంది. ఈ ఒక్క విషయం కాలికి అలవాటు కావడానికే ఎక్కువ రోజులు పడుతుంది. సైకిల్ వచ్చినవాళ్ళకు, రానివాళ్ళకు ఇందులో తేడా నాకు కనిపించలేదు. ఆటోమేటిక్ కారయితే ఆ క్లచ్ కూడా ఉండదు. మన దేశంలో కారు లైసెన్సుకు మాన్యువల్, ఆటోమేటిక్ అని విడదీయరు, ఒకే లైసెన్సు.

సైకిల్ తొక్కినవాళ్ళకు ఒక లాభం మాత్రం ఉంది, రోడ్డు చదవడం వాళ్ళకు ముందే వస్తుంది. ముందు వెళ్తున్న సైకిల్ మనిషి గుంత కనబడితే కుడికి జరుగుతాడని వాళ్ళు ఊహిస్తారు. మిగతావాళ్ళకు అది నేను చెప్పాలి.

పెద్దయ్యాక సైకిల్ నేర్చుకోవాలన్నా కష్టం కాదు. రెండు పెడల్స్ ఊడదీయించండి. కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేలా సీటు దించండి. కాళ్ళతో నేలను తోసుకుంటూ, కాళ్ళు ఎత్తి కొద్దిసేపు జారండి. బ్యాలెన్స్ చిక్కాక పెడల్స్ బిగించుకోవచ్చు. వెనక క్యారియర్ పట్టుకుని పరిగెత్తే మనిషి అవసరం ఉండదు.

అపోహ: పదహారు నిండితే గేర్లు లేని స్కూటర్ నడపొచ్చు

ఇంటర్ పిల్లల తల్లిదండ్రులందరూ దయచేసి ఇది పూర్తిగా చదవండి.

చట్టంలో పదహారేళ్ళ మాట ఉన్నది నిజమే. కానీ ఇంజను 50 సీసీ దాటకూడదనే మాట కూడా అక్కడే ఉంది. ఇవాళ షోరూముల్లో నిలబెట్టి ఉన్న పెట్రోల్ స్కూటర్లు 100 సీసీ, 110, 125. పాలవాళ్ళు, కూరగాయలవాళ్ళు వాడే చిన్న మోపెడ్ కూడా 100 సీసీకి దగ్గరే. అంటే పదహారేళ్ళ పిల్లలు చట్టప్రకారం నడపగలిగే పెట్రోల్ బండి దొరకడం దాదాపు లేనట్టే.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 199ఎ అనే సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లకో పిల్లాడికో 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇరవై రెండేళ్ళకు ఉద్యోగం వచ్చి, బండి అవసరమైన వయసులో లైసెన్సు లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ బాధితులకు కట్టిన డబ్బు తిరిగి యజమాని దగ్గరే వసూలు చేసుకునే అవకాశం కూడా ఉంది.

"ట్యూషన్ దూరం మేడమ్, సాయంత్రం చీకటి పడుతుంది" అంటారు. ఆ ఇబ్బంది నాకు తెలుసు. పద్దెనిమిది నిండేదాకా సైకిలో, బస్సో తప్పదు. వెనక ఎర్ర రిఫ్లెక్టరు, ముందు ఒక లైటు, మడ్‌గార్డు మీద నాలుగు రిఫ్లెక్టర్ స్టిక్కర్లు పెట్టించండి. బ్రేకు రబ్బర్లు అరిగాయేమో నెలకోసారి చూడండి. ఆ ఖర్చు స్కూటర్‌కు కట్టే ఒక నెల కిస్తీ కంటే చాలా తక్కువ.

అపోహ: ఎదురొచ్చే బండ్లు కనిపిస్తాయి కాబట్టి సైకిల్ మీద రాంగ్ రూటే క్షేమం

ఇది నడిచేవాళ్ళకు చెప్పే మాట. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడిచే మనిషి కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లను చూస్తూ నడవడం మంచిదే. సైకిల్‌కు అది పనికిరాదు.

కారు 40 కిలోమీటర్ల వేగంతో, సైకిల్ 15తో వెళ్తున్నాయనుకోండి. రెండూ ఒకే వైపు వెళ్తుంటే కారు సైకిల్‌ను సమీపించే వేగం 25. ఎదురెదురైతే అదే 55. డ్రైవరుకు చూసి ఆపుకునే వ్యవధి సగం కూడా మిగలదు. అంతకంటే ముఖ్యమైనది సందు మలుపు. పటమట సందుల్లోంచి బందరు రోడ్డు మీదకు ఎడమకు తిరిగే కారు డ్రైవరు మెడ కుడివైపే తిరిగి ఉంటుంది, బండ్లు వచ్చేది అటునుంచే కాబట్టి. ఎడమవైపు నుంచి ఎదురుగా వస్తున్న సైకిల్ అతని చూపులోకి రాదు. అతను మంచి డ్రైవరే అయినా రాదు.

సరైన వైపు వెళ్ళేటప్పుడు కూడా ఆగి ఉన్న కార్లను ఒరుసుకుంటూ పోకండి. కారు తలుపు పూర్తిగా తెరిస్తే దాదాపు మీటరు మేర బయటికి వస్తుంది. ఆ మీటరు వదిలేసి తొక్కండి. ఎడమకు తిరగబోతున్న బస్సుకూ రోడ్డు అంచుకూ మధ్యకు అసలు దూరకండి. బస్సు ముందు చక్రాలు దూరంగా తిరిగినా, వెనక చక్రాలు మూలను కోసుకుంటూ వస్తాయి.

కారు నేర్చుకునేవాళ్ళకు ఇదే విషయాన్ని సీటులో కూర్చోబెట్టి చూపిస్తాను. కారు ఆపి, ఎడమ వెనక డోరు దగ్గర, కాస్త వెనగ్గా, పక్కకు నా సైకిల్ నిలబెట్టి, కనిపిస్తోందా అని అడుగుతాను. లోపలి అద్దంలో ఏమీ ఉండదు. ఎడమ అద్దంలో హ్యాండిల్ చివర కనిపిస్తే కనిపిస్తుంది, లేకపోతే అదీ లేదు. మెడ తిప్పి చూస్తే మనిషంత సైకిల్ అక్కడే ఉంటుంది. ఆ రోజు నుంచి ఎడమకు తిరిగే ముందు మెడ తిప్పమని మళ్ళీ చెప్పాల్సిన పని ఉండదు. కారు దిగేటప్పుడు కుడి తలుపును ఎడమ చేత్తో తెరవడం కూడా అప్పుడే అలవాటు చేయిస్తాను. ఎడమ చెయ్యి అటు వెళ్ళాలంటే నడుం తిరగాలి, నడుం తిరిగితే చూపు వెనకనుంచి వచ్చే సైకిల్ మీద పడుతుంది.

అపోహ: లైసెన్సు చేతికొస్తే డ్రైవింగ్ వచ్చినట్టే

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం స్కూల్లో కారు శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, అందులో స్టీరింగ్ పట్టి నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు. పది గంటలు అంటే మొదలుపెట్టడానికి సరిపోయేంత, అంతే. క్లాసులు అయ్యాక రెండు మూడు నెలలు వారానికి కొన్నిసార్లయినా నడపకపోతే కాలు మళ్ళీ మొదటికొస్తుంది. లైసెన్సు బీరువాలో, భయం కడుపులో ఉన్నవాళ్ళు చాలామంది తిరిగి నా దగ్గరికి వస్తారు.

అందుకే నేను అడిగే మొదటి ప్రశ్న, "క్లాసులు అయ్యాక నడపడానికి బండి ఉందా?" అని. ఇంట్లో గానీ, అన్నయ్య దగ్గర గానీ కారు లేకపోతే, ఇప్పుడే తొందరపడొద్దని చెబుతాను. అప్పటిదాకా సైకిల్ తొక్కండి, రోడ్డు మీద చూపు పెరుగుతుంది. బండి అందుబాటులోకి వచ్చే ముందు వచ్చి చేరండి.

అపోహ: నలభై దాటాక కారు నేర్చుకోలేం

నేర్చుకోవచ్చు. నలభై దాటినవాళ్ళు డాక్టరు సర్టిఫికెట్ ఒకటి పెట్టాలి, అంతే. వాళ్ళకు కాస్త ఎక్కువ రోజులు పట్టొచ్చు గానీ వేగంగా పోవాలనే ఆత్రం ఉండదు. నాకు నేర్పడానికి ఇష్టమైన వయసు అదే.

అపోహ: కారు కొనలేనివాళ్ళే సైకిల్ తొక్కుతారు

2011 జనాభా లెక్కల్లో దేశంలోని ఇళ్ళలో దాదాపు 45 శాతం ఇళ్ళకు సైకిల్ ఉంది, కారున్న ఇళ్ళు 5 శాతం లోపే. రోడ్డు మీద సగం దేశం తొక్కే బండిని చిన్నచూపు చూడటం నాకు బాధ కలిగిస్తుంది. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసి, పైన సోలార్ పలకల కప్పు వేశారు. మంచిదే. కానీ ఉదయం ఐదింటికి పాలప్యాకెట్లు వేసే మనిషికి, తాపీ పనికి వెళ్ళే మనిషికి ఊళ్ళో అలాంటి దారి కావాలి. 2025 సెప్టెంబరులో చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి, సైకిళ్ళ మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ధర రెండిటికీ దిగింది. దారి మాత్రం ఇంకా ఒక్కదానికే ఉంది.

అపోహ: బ్యాటరీ సైకిల్ దేనికైనా లైసెన్సు అక్కర్లేదు

మోటారు 250 వాట్లు దాటకుండా, వేగం 25 కిలోమీటర్లకు లోపే ఉంటేనే. అది దాటితే లైసెన్సు, రిజిస్ట్రేషన్ రెండూ కావాలి. కొనే ముందు కొట్లో చెప్పే మాట కాకుండా కాగితం మీద రాసిన సంఖ్యలు చూడండి.

అపోహ: విదేశానికి వెళ్ళేవాళ్ళు ఇక్కడ లైసెన్సు తీసుకుంటే చాలు

ఏ దేశం అనేదాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో చాలా ఊళ్ళలో కారు లేకపోతే కూరగాయలకు వెళ్ళడం కూడా కష్టమే. రూల్స్ రాష్ట్రానికో రకంగా ఉంటాయి, బండి కుడివైపు నడపాలి. అక్కడికి వెళ్ళేవాళ్ళు ఇక్కడే బాగా నేర్చుకుని వెళ్ళడం మంచిది. జర్మనీలో మన లైసెన్సు అక్కడ కాపురం పెట్టాక ఆరు నెలలే చెల్లుతుంది, తర్వాత వాళ్ళ పరీక్షలు రాయాలి, దానికి వేల యూరోలు అవుతాయి. చదువుకోవడానికి వెళ్ళిన మనపిల్లలు అక్కడ చాలామంది సైకిల్ మీదే తిరుగుతారు. సైకిల్‌కు అక్కడ లైటు తప్పనిసరి, గుర్తులేమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి, ఈ రూల్ సైకిల్‌కు కూడా వర్తిస్తుంది. కాబట్టి జర్మనీ, నెదర్లాండ్స్ వెళ్ళేవాళ్ళు ముందు సైకిల్ మీద చెయ్యి తీసి సైగ చేస్తూ తిరగడం అలవాటు చేసుకోండి.

విదేశంలో బండి నడపడానికి ఇక్కడే ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ ఏడాదే ఉంటుంది, అది పర్మనెంట్ లైసెన్సు ఉన్నవాళ్ళకే ఇస్తారు. ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్ళకు ముందు ఇచ్చే లైసెన్సు) వచ్చాక 30 రోజులు ఆగితే గానీ టెస్టుకు వెళ్ళలేరు. ఒకవేళ ఫెయిలైతే మళ్ళీ స్లాట్ కోసం చూడాలి. ఆగస్టులో ఫ్లైట్ ఉన్నవాళ్ళు ఏప్రిల్‌లోనే ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోండి.