బావి వంతు నుంచి అమ్మ వంతు దాకా

చిత్తూరు మెట్ట పల్లెల్లో పాత భాగపరిష్కార దస్తావేజులు విప్పితే సర్వే నంబర్ల తర్వాత తరచూ ఒక ముక్క కనబడుతుంది: ‘బావిలో నాలుగో వంతు’. చేనైతే కొలిచి గట్టు వేసుకోవచ్చు. బావిని ఎట్లా కోస్తారు? మాటలు మానేసిన అన్నదమ్ములు కూడా నీళ్ల వంతు రోజున అదే బావి దగ్గర ఎదురుపడాల్సిందే.

ఉమ్మడి కుటుంబం అనగానే త్యాగాలు, ఆప్యాయతలు తలచుకుంటాం. ఈ సీమలో దాన్ని కట్టిపడేసింది వాటికంటే ముందు కపిల, అంటే ఎద్దులతో బావి నీళ్లు తోడే మోట, అనుకుంటాను. ఎద్దుల్ని తోలడానికి ఒకరు, చేలో మడవ తిప్పడానికి ఇంకొకరు కావాలి. వేరుపడితే ఎద్దులు చెరొకటి. ఒంటెద్దుతో కపిల నడవదు. కాబట్టి మనసులు విడిపోయినా పొయ్యి ఒకటిగానే మండేది. ఆ పొయ్యి ముందు పొగలో కూర్చున్న తోడికోడళ్లను అడిగితే కథ ఇంకోలా ఉండేదేమో.

అయినా అలాంటి ఇళ్లు మనం ఊహించినన్ని ఉండేవా? 1941-51 దశకంలో దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు. పసిపిల్లల మరణాలు కలిపిన లెక్కే అనుకున్నా, తాతా మనవడూ ఒకే పంక్తిలో భోంచేసే భాగ్యం అందరికీ దక్కలేదని తెలుస్తూనే ఉంది.

చీలికకు దారి చట్టంలో ముందునుంచీ ఉంది. హిందువుల ఆస్తి పంపకాలకు ఆధారమైన పాత ధర్మశాస్త్ర పద్ధతి మితాక్షర న్యాయం ప్రకారం పిత్రార్జితంలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు. హక్కున్నవాడు భాగం అడగనూ వచ్చు. చదువు సంగతే చిక్కు. ఇంటి సొమ్ముతో ప్రత్యేక విద్య నేర్చినవాడి సంపాదన ఉమ్మడిదే అని వాదించేవారు. 1930లో వచ్చిన చట్టం ఆ సంపాదన అతని సొంతమే అని తేల్చింది. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది. పల్లె కుర్రాళ్లకు డిగ్రీ, వెనకే నెలజీతం, టౌన్లో అద్దె ఇల్లు. గొడవ పడకుండానే కాపురం వేరైంది.

కరెంటు మోటారు వచ్చాక కపిల మూలపడింది. ఆ తర్వాత బోర్లు దిగాయి. ఎవరి చేనికి వారు బోరు వేసుకోగలిగిన రోజున బావి వంతుకు విలువ పోయింది. అన్నదమ్ముల్ని ఒకచోట నిలబెట్టిన ఆ గొయ్యి చాలా ఊళ్లలో ఇప్పుడు ముళ్లకంపతో నిండిపోయింది.

ఆడపిల్లల మాట వేరు. ఈ సీమలో కొన్ని కులాల్లో ఇల్లటపు (ఇల్లరికం వచ్చిన) అల్లుడికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే ఆచారం ఉండేది. వాటా మాత్రం అల్లుడి పేరిటే. ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకూ పుట్టుకతో హక్కు ఇచ్చింది. అయితే అప్పటికే పెళ్లయినవారికి లేదు. ఒకే ఇంట్లో అక్కకు సున్నా, చెల్లెలికి వాటా! 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న పేచీని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: అక్కర్లేదు. భాగాలప్పుడు అక్కచెల్లెళ్ల సంతకం కోసం తిరగడం అన్నదమ్ములకు కొత్త అనుభవం.

సర్కారు లెక్కలూ పొయ్యినే చూస్తాయి. జనగణనలో ఒకే వంట తినేవాళ్లే ఒక కుటుంబం. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక, కార్డుకు గరిష్ఠ పరిమితి ఉన్నచోట రెండు కార్డులుంటేనే లాభం. కాగితం మీద వేరుపడి, ఒకే కుండలో వండుకున్న ఇళ్లూ లేకపోలేదు.

ఇప్పుడు ఒక కొడుకు తిరుపతి అపార్ట్‌మెంట్లో, ఇంకొకడు బెంగళూరులో. ఊళ్లో తోతాపురి మామిడి తోట మాత్రం పంచుకోరు. కాపు అమ్మాక డబ్బు ఫోన్లో పంచుకుంటారు. తల్లిదండ్రుల్ని చూడని పిల్లల మీద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌కు వెళ్లే వీలు 2007 చట్టం కల్పించింది. అంతదాకా ఎందుకని పెద్దమనుషులు పాత పద్ధతే చెబుతారు: వంతులు వేసుకోండి. ఒకటో తారీఖున మందుల సంచితో బస్సెక్కే అమ్మను ఎక్కడికని అడిగితే, ‘ఈ నెల చిన్నోడి వంతు నాయనా’ అంటుంది.