పొడవాటి రెక్కల లిబరేటర్

రెండో ప్రపంచ యుద్ధపు అమెరికన్ బాంబర్ అనగానే ఎక్కువ మందికి బీ-17 గుర్తొస్తుంది. ఫొటోల్లో అందంగా పడేది అదే మరి. బీ-24 లిబరేటర్ ఒళ్లు లావుగా, పలకలుగా, ఏమాత్రం సొగసు లేకుండా ఉంటుంది. కానీ అమెరికా అన్నిటికన్నా ఎక్కువగా తయారుచేసిన బాంబర్ ఇదే: 18 వేలకు పైగా. 1944లో మిషిగన్‌లోని విల్లో రన్ ఫోర్డ్ ఫ్యాక్టరీ నుంచి గంటకో లిబరేటర్ బయటికొచ్చేది.

అసలు విశేషం దాని రెక్క. కొస నుంచి కొసకు 110 అడుగులు, బీ-17కి 104. వైశాల్యం చూస్తే లెక్క తిరగబడుతుంది: లిబరేటర్‌ది 1,048 చదరపు అడుగులు, బీ-17ది 1,420. అంటే ఇది పొడవుగా, సన్నగా ఉన్న రెక్క.

దీనివల్ల లాభమేమిటి? ఎగిరేటప్పుడు రెక్క కింద గాలి పీడనం ఎక్కువ, పైన తక్కువ. ఆ తేడాయే విమానాన్ని మోస్తుంది. కొసల దగ్గర మాత్రం కింది గాలి పక్కనుంచి పైకి జారుకుని సుడులు తిరుగుతుంది. ఆ సుడులకు ఖర్చయ్యేదంతా ఇంజిన్ శక్తే, అంటే పెట్రోలే. రెక్క పొడవుగా, సన్నగా ఉంటే ఈ నష్టం తగ్గి, అదే ఇంధనంతో ఎక్కువ దూరం పోవచ్చు. డేవిడ్ డేవిస్ అనే ఆయన రూపొందించిన ఈ రెక్క ఆకారాన్ని అమెరికాలోని కాల్‌టెక్ సాంకేతిక విద్యాసంస్థ విండ్ టన్నెల్‌లో (గాలిని వేగంగా వదిలి విమాన నమూనాలను పరీక్షించే సొరంగం) పరీక్షించినప్పుడు, ఫలితాలు మరీ బాగుండటంతో మొదట ఎవరూ నమ్మలేదట.

అయితే తక్కువ వైశాల్యం మీద బరువు పెరిగేకొద్దీ కష్టాలు మొదలయ్యాయి. బాంబులు, తుపాకులు, పదిమంది సిబ్బందితో ఎత్తున పల్చటి గాలిలోకి ఎక్కాక, తోటి విమానాలతో వరుస తప్పకుండా నడపాలంటే పైలట్లకు చేతులు పడిపోయేవి. బాంబుల అర తలుపులు దుకాణం షట్టర్‌లా చుట్టుకుంటూ పక్కకి జరిగేవి. తెరిచినా గాలికి అడ్డు పడవు, మంచి ఉపాయమే. కానీ సముద్రంలో దిగాల్సి వస్తే ఆ పల్చటి తలుపులు నీటి దెబ్బకు ఆగేవి కావు. యుద్ధంలో నష్టాలూ ఎక్కువే: 1943 ఆగస్టు 1న లిబియా నుంచి రొమేనియాలోని ప్లొయెష్టి చమురు శుద్ధి కర్మాగారాల మీదికి 170కి పైగా లిబరేటర్లు వెళితే, 50కి పైగా తిరిగి రాలేదు.

నన్నడిగితే ఆ రెక్కకు తగిన పని దొరికింది సముద్రం మీదే. అట్లాంటిక్ నడుమ ఏ తీరం నుంచీ విమానాలు చేరలేని మేర ఒకటి ఉండేది. జర్మన్ జలాంతర్గాములు సరుకు నౌకలను అక్కడ మాటువేసి ముంచేవి. అదనపు ఇంధన ట్యాంకులు బిగించిన లిబరేటర్లు 1943లో ఆ ఖాళీని పూడ్చాయి.

యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాళ్లు తమ లిబరేటర్లు కొన్నిటిని కాన్పూర్‌లో వదిలేశారు. అమెరికా అరువిచ్చిన విమానాలు కాబట్టి వేరొకరికి ఇవ్వకూడదు, అందుకే ఎగరకుండా పాడుచేసి మరీ వెళ్లారు. బెంగళూరులోని విమాన సంస్థ హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (హెచ్ఏఎల్) మెకానిక్‌లు వాటిలో సుమారు 40 విమానాలను మళ్లీ ఎగిరేలా చేశారు. కాన్పూర్‌లో పైపైన బాగుచేసి, హెచ్ఏఎల్ పైలట్ జంషెడ్ మున్షీ బెంగళూరుకు నడుపుకొస్తే, అక్కడ పూర్తి మరమ్మతు జరిగేది. 1948 నవంబర్‌లో వీటితోనే మన వైమానిక దళపు 5వ స్క్వాడ్రన్ (విమాన దళం) ఏర్పడింది. తర్వాత 6వ స్క్వాడ్రన్ వీటిని సముద్ర గస్తీకి వాడింది. 1968లో అవి విశ్రాంతి తీసుకునే నాటికి ప్రపంచంలో మంచి స్థితిలో ఉన్న లిబరేటర్లు చాలా తక్కువ. బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం తన లిబరేటర్‌ను 1974లో భారత వైమానిక దళం దగ్గరే తీసుకుంది.