రాత్రి రెండు ఇడ్లీలతో ఎముక నిలబడదు

"వయసు పైబడింది, రాత్రికి రెండు ఇడ్లీలు చాల్లే" అని పెద్దవాళ్లు అంటే ఇంట్లో ఎవరూ కాదనరు. పొట్ట తేలిగ్గా ఉంటే మంచిదనే నమ్మకం మనలో అంత గట్టిది. డెబ్భై దాటినవాళ్ల ఎముకలకు మాత్రం ఈ నమ్మకం చేటు చేస్తోందనే అంటాను.

ఎముకలో పాతదాన్ని కరిగించే కణాలు, కొత్తదాన్ని కట్టే కణాలు జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. నడివయసు దాటాక కట్టేదానికంటే కరిగేదే ఎక్కువ. ముట్లుడిగిన ఆడవాళ్లలో ఈస్ట్రోజెన్ తగ్గిపోయి ఆ కరుగుదల ఇంకా వేగం పుంజుకుంటుంది. పైగా గుండె కొట్టుకోవాలన్నా కండరం కదలాలన్నా రక్తంలో తగినంత కాల్షియం ఉండి తీరాలి. తిండిలో అది చాలకపోతే పారాథైరాయిడ్ హార్మోన్ ఎముకలోంచి తీసి రక్తానికి అందిస్తుంది. అందుకే రక్తపరీక్షలో కాల్షియం సరిగ్గానే ఉన్నా లోపల ఎముక గుల్లబారుతూ ఉండొచ్చు.

మరి తిండి మారిస్తే, అంత ముదిమిలో కూడా ఫలితం ఉంటుందా? ఆస్ట్రేలియాలో 60 వృద్ధాశ్రమాల్లో ఇదే పరీక్షించారు. దాదాపు 7,200 మంది, సగటు వయసు 86. సగం ఆశ్రమాల్లో మామూలు భోజనమే పెట్టారు. మిగతా సగంలో పాలు, పెరుగు, చీజ్ పెంచారు. మామూలు భోజనం పెట్టినచోట రోజుకు 700 మిల్లీగ్రాముల కాల్షియం, 58 గ్రాముల ప్రొటీన్ అందితే, పెంచినచోట కాల్షియం 1,142కి, ప్రొటీన్ 69కి చేరింది. మామూలు భోజనం వాళ్లతో పోలిస్తే, రెండేళ్లలో అక్కడ ఎముకలు విరగడం 33 శాతం, తుంటి విరగడం 46 శాతం తగ్గాయి. కింద పడటం కూడా 11 శాతం తగ్గింది. 2021లో వచ్చిన ఈ ఫలితాల్లో నన్ను ఆపేసింది ఆ వయసే. ఎనభై ఆరేళ్లకు ఇంకేం లాభంలే అని వదిలేయడానికి వీల్లేదన్నమాట. వాళ్లకు విటమిన్ డి అప్పటికే సరిపడా అందుతోందని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక్కడ ప్రొటీన్‌ను మరిచిపోతే సగం విషయం వదిలేసినట్టే. ఎముకకు చట్రం కొలాజెన్ అనే ప్రొటీన్. కాల్షియం, భాస్వరం లవణాలు దాని మీదే పేరుకుంటాయి. కాళ్లలో కండ తగ్గితే మనిషి తూలతాడు, పడతాడు. చిన్న ఇడ్లీలు రెండు తింటే వచ్చే ప్రొటీన్ నాలుగైదు గ్రాములకు మించదు.

మన వంటింట్లో రాగులున్నాయి, వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియంతో. అయితే గ్లాసు జావలో పడేది రెండు చెంచాల పిండే, అంటే ఓ 70 మిల్లీగ్రాములు. అదే జావను నీళ్లకు బదులు గ్లాసుడు పాలతో కాస్తే ఇంకో 240 దాకా కలుస్తుంది. నీళ్ల మజ్జిగ బదులు గడ్డ పెరుగు, చారన్నం పక్కన ఓ గుడ్డు లేదా ముద్దపప్పు, కూరలో మునగాకు, సాయంత్రం ఓ నువ్వుల ఉండ. పళ్లు లేనివాళ్లకు నువ్వులు పొడి కొట్టి అన్నంలో కలపొచ్చు. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్లు దాన్ని ఒంటికి పట్టనివ్వవు. ఈ పనికి తోటకూరను నమ్ముకోవడం కూడా అంతే.

కాల్షియం పేగుల్లోంచి సరిగ్గా ఒంటబట్టాలంటే విటమిన్ డి కావాలి. తెల్లవారుజాము ఎండలో అది పెద్దగా తయారుకాదు. ఎండ నడినెత్తికి చేరువయ్యే వేళ కొద్దిసేపు చేతులకు, కాళ్లకు తగలాలి. ఇంట్లోంచి కదల్లేనివాళ్లకు డాక్టరు పరీక్ష చేయించి మాత్ర రాస్తారు. కిడ్నీ జబ్బున్నవాళ్లు ప్రొటీన్ పెంచేముందు కూడా డాక్టరును అడగాలి.